గేలిక్ ఊళ్ల పేర్ల పక్కన అర్థం కూడా అచ్చువేయాలా?

కొండగాలి:
స్కాట్లండ్ పల్లెల్లో వాగు, గుట్ట, రాయి అన్నిటికీ అక్కడి పాత భాష గేలిక్‌లో ఉన్న పేర్లు సేకరించి, పక్కన అర్థం రాసి మ్యాపుల్లో పెడుతున్నారు. పేర్ల గురించి నాకు పేచీ లేదు, అర్థాల దగ్గరే. ఒకసారి అచ్చయితే ఇక అదే ఖాయం. స్కాట్లండ్ పశ్చిమ దీవుల్లోని లూయిస్‌లో బోలెడు ఊళ్ల పేర్లు అసలు నార్స్ వాళ్లు, అంటే స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగులు పెట్టినవి. 'షియబొస్ట్' అనే ఊరి పేరులో బొస్ట్ అంటే వాళ్ల భాషలో కమతం. గేలిక్ నిఘంటువు పట్టుకుని దాని అర్థం వెతికితే తప్పులో కాలేసినట్టే.

వాగువార:
అర్థం లేకపోతే పిల్లలకు అది ఉత్త శబ్దం. 2022 జనాభా లెక్కల్లో పశ్చిమ దీవుల్లోనే గేలిక్ మాట్లాడేవాళ్లు సగం కంటే తగ్గిపోయారు. ఇంకెప్పుడు అడుగుతాం? లూయిస్ పీట్ నేలల్లో (కుళ్లిన నాచు పేరుకున్న చిత్తడి నేలలు) 234 గాలిమరలు పెడతామన్నప్పుడు అదంతా ఖాళీ బీడే కదా అన్నవాళ్లున్నారు. ఒకప్పుడు వేసవిలో ఆడవాళ్లు, పిల్లలు ఆవుల్ని తోలుకెళ్లి గుడిసెలు వేసుకుని ఉన్న చోట్లవి. ఆ చోటును 'ఆరి' అంటారు, ఒక్కోదానికి ఒక్కో పేరు. గాలిమరల్ని 181కి తగ్గించినా 2008లో ప్రభుత్వం ఒప్పుకోలేదు.

తూకంరాయి:
వాగువార గారూ, అది ఆగింది పేర్ల వల్ల కాదు, పక్షుల రక్షణ నిబంధనల వల్ల. దీన్ని దానికి ముడిపెట్టకండి.

అసలు అడగాల్సింది, అర్థం చెప్పింది ఎవరని. 19వ శతాబ్దంలో బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్లు ఊళ్ల పేర్లు రాసుకున్న నేమ్ బుక్స్ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, తెరిచి చూడండి. ఒక గడిలో పేరు, పక్క గడిలో రకరకాల స్పెల్లింగులు, ఆ పక్కన వాటికి పూచీ పడ్డవాళ్లు, చివర వర్ణన. పూచీ పడ్డవాళ్లలో భూస్వాములు, పాస్టర్లు, బడిపంతుళ్లే ఎక్కువ. చిన్న రైతు తానుండే చోటు పేరు చెప్పినా, ముఖ్యంగా స్పెల్లింగు విషయంలో, నమ్మొద్దని సిబ్బందికి ఆదేశం!

వాగువార:
అందుకే ఇప్పుడైనా ఊళ్లోవాళ్లను అడిగి రాయమంటున్నా.

కొండగాలి:
రాసేవాడికి మొహమాటం ఉంటే? స్కాట్లండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ పర్వతాల్లో డెవిల్స్ పాయింట్ అనే కొండ ఉంది. గేలిక్ పేరును ఉన్నదున్నట్టు చెబితే 'దయ్యం మర్మాంగం'. విక్టోరియా రాణి అర్థం అడిగితే సేవకుడు జాన్ బ్రౌన్ సిగ్గుపడి 'డెవిల్స్ పాయింట్' అని మార్చి చెప్పాడని చెప్పుకుంటారు. ఇంగ్లిష్‌లో ఆ మర్యాద పేరే నిలిచిపోయింది.

తూకంరాయి:
కాబట్టి ముందు ఆడియో. ఊరి మనిషి నోట పలికిన తీరు, తేదీ, ఏ ఊరివారో. అర్థం గడిలో రెండు మూడు పట్టాలి: ఊరివాళ్లు చెప్పుకునేది వేరు, పండితులు తేల్చింది వేరు.

వాగువార:
వర్షంలో ఫోన్ పట్టుకుని నడిచేవాడు మూడు అర్థాలు చదవడండీ. పైన ఏది?

తూకంరాయి:
ఊరివాళ్లదే.

కొండగాలి:
తప్పని తెలిసినా సరేనా? అలాగైతే పండితులు తేల్చిందాన్ని కింద పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. నేను ఒప్పుకోను.