వామనగుంటలు ఫోన్‌లో ఆడేలా చేద్దామని మొదలుపెట్టాను, మధ్యలో ఆగిపోయాను

గుంటపీట:

అందరికీ నమస్కారం. నాది బీకామ్. నంద్యాలలో ఒక విత్తనాల డీలర్ దగ్గర పదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఎక్సెల్ ఫార్ములాలు బాగా వచ్చు, ప్రోగ్రామింగ్ మాత్రం ఈ మధ్యే.

మా అమ్మమ్మ గుంటపీట మా ఇంట్లో ఉంది. టేకుది, మధ్యకు మడిచే రకం, ఒక్కో వైపు ఏడు గుంటలు. అమ్మమ్మ నిరుడు వేసవిలో కాలం చేశారు. మస్కట్‌లో ఉండే మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా ఆ పీట గురించే అడుగుతుంది. పిన్నికి ఒక లింక్ పంపాలి, నొక్కగానే ఫోన్‌లో ఆట తెరుచుకోవాలి, ఏదీ ఇన్‌స్టాల్ చేసుకునే పని ఉండకూడదు. నాకు కావలసింది ఇంతే.

మొదట ఒక కోచింగ్ సెంటర్‌లో గేమ్ డెవలప్‌మెంట్ అంటే చేరాను. తొమ్మిది వేలు కట్టించుకుని నెలంతా సీ లాంగ్వేజ్ నోట్స్ రాయించారు, ఆట ఊసే లేదు. తర్వాత యూట్యూబ్ చూసి యూనిటీ అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. నా లాప్‌టాప్ 4 జీబీ ర్యామ్, దాన్ని మోయలేకపోయింది. ఇప్పుడు రెండు నెలలుగా రాత్రి పాప పడుకున్నాక గంటసేపు జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను, బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష.

మా ఇంటి పద్ధతి ఇది. గుంటకు ఐదు చింతపిక్కలు. మన వైపు ఏదో ఒక గుంటలోవి తీసి, కుడి వైపుగా గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే దాని తర్వాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. తర్వాతి గుంట ఖాళీ అయితే, దాన్ని వేలితో తుడిచి, ఆ పక్క గుంటలో ఎన్నుంటే అన్నీ మనవి. అక్కడితో వంతు అయిపోతుంది. మన వరస ఎడమ నుంచి కుడికి 1 నుంచి 7, ఎదుటివాళ్ల వరస కుడి నుంచి ఎడమకు 8 నుంచి 14.

గుంటకొకటి చొప్పున పద్నాలుగు అంకెలు వరసగా దాచే జాబితా, అంటే అర్రే పెట్టి ఇదంతా రాశాను. పంచేటప్పుడు చివరి గుంట దాటితే మొదటికి రావాలని ఇఫ్ కూడా పెట్టాను. తర్వాతి గుంట సున్నా కానంతవరకు తిరగమని వైల్ లూప్. కొన్ని ఎత్తులకు బాగానే నడుస్తోంది. కొన్నింటికి ట్యాబ్ బిగుసుకుపోతోంది, మూసేయడం తప్ప దారి లేదు. ఎందుకో వారం నుంచి తెలియడం లేదు.

రెండోది, పిక్కలు ఒక్కొక్కటిగా పడటం కనపడటం లేదు. గుంట నొక్కగానే అంకెలన్నీ ఒక్కసారే మారిపోతున్నాయి. అమ్మమ్మ పిక్కలన్నీ గుప్పిట్లో పట్టుకుని బొటనవేలితో ఒక్కోటి జారవిడిచేది, చెక్క మీద టక్, టక్ అని. అది లేకపోతే నాకు ఆట ఆడినట్టే ఉండదు.

ఇంకో సందేహం. ఆఫీసులో కంప్యూటర్లు చూసే అబ్బాయి ఫేజర్ అనే ఆటల ఫ్రేమ్‌వర్క్ (ముందే రాసి పెట్టిన కోడ్) నేర్చుకోమంటున్నాడు. యూట్యూబ్‌లో కాన్వాస్‌తో, అంటే పేజీలో కోడ్‌తో బొమ్మలు గీసే చోటుతో మొదలుపెట్టమంటున్నారు. ఏది పట్టుకోవాలి?

కొత్తపేట_కోడర్:

గుంటపీట గారూ, మీ పోస్టు చదివి అట్టముక్క మీద పద్నాలుగు గళ్లు గీసి, బఠాణీలు పోసి ఆడి చూశాను. ఆట మొదలవగానే మీ వరసలో మూడో గుంట తీయండి. ట్యాబ్ బిగుసుకుపోవాలి.

ఎందుకంటే మూడో గుంటలోని ఐదూ 4 నుంచి 8 దాకా పడతాయి. తొమ్మిదిలోవి తీస్తే 10 నుంచి 14 దాకా. చివరి పిక్క సరిగ్గా పద్నాలుగో గుంటలో పడింది. ఇప్పుడు తర్వాతి గుంట ఒకటోది కావాలి. కానీ మీరు మొదటికి తిప్పే ఇఫ్‌ను పిక్క వేసే చోట పెట్టారు, తర్వాతి గుంటను చూసే చోట పెట్టి ఉండరు. అందుకని అది పదిహేనో గుంటను చూస్తోంది. లేని గుంటను అడిగితే జావాస్క్రిప్ట్ తప్పు అని ఆపదు, అన్‌డిఫైన్డ్ (విలువే లేదు) అని చేతిలో పెడుతుంది. అన్‌డిఫైన్డ్ సున్నా కాదు కాబట్టి మీ వైల్ లూప్ ఇంకా పిక్కలున్నాయనే అనుకుంటుంది. పదహారు, పదిహేడు అంటూ అలా పోతూనే ఉంటుంది.

ఒకటి కలిపి, 14తో భాగించి, శేషం తీసుకోండి. ఎక్సెల్‌లో మీకు తెలిసిన మాడ్ ఇదే, జావాస్క్రిప్ట్‌లో % గుర్తు. అర్రేలో లెక్క సున్నా నుంచి కాబట్టి చివరి గుంట 13. దానికి ఒకటి కలిపితే 14, శేషం 0, మళ్లీ మొదటి గుంటకు వచ్చేస్తారు. దీన్ని 'తర్వాతి గుంట' అని ఒక చిన్న ఫంక్షన్‌గా రాసి, రెండు చోట్లా దాన్నే పిలవండి.

ఇంకొకటి, ఇది మీకు చాలా పనికొస్తుంది. 14 గుంటలకు ఐదేసి, మొత్తం 70. ఎత్తు అయిన ప్రతిసారీ గుంటల్లోవి, ఇద్దరూ గెలుచుకున్నవి కూడితే 70 రావాలి. రాకపోతే బ్రౌజర్‌లో తప్పులు చూపించే కన్సోల్‌లో ఎర్రగా ఎర్రర్ వచ్చేలా రాయండి. మీకు ట్రయల్ బ్యాలెన్స్ కొత్త కాదు కదా, అదే పద్ధతి. నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న అలవాటు ఇది, మీరు మొదటి ఆటతోనే చేసుకోండి.

పిక్కలు పడటం కనపడకపోవడానికి కారణం, మీ ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ బ్రౌజర్ తెర మీద ఏమీ మార్చదు. పంపకం అంతా అయ్యాకే గీస్తుంది. మీకు చివరి లెక్క ఒక్కటే కనిపిస్తోంది. లూప్ లోపల సెట్‌టైమౌట్ (కాసేపు ఆగి పని చేయించే టైమర్) 300 మిల్లీసెకన్లకు పెట్టినా సరిపోదు. టైమర్లన్నీ ఒకేసారి మొదలై, ఆ 300 మిల్లీసెకన్లు ఆగి పిక్కలన్నీ ఒకేసారి పడతాయి. ఫంక్షన్‌ను అసింక్ (మధ్యలో ఆగి మళ్లీ సాగగలిగేది) చేసి, ఒక్కో పిక్క వేశాక అవెయిట్‌తో ఆగాలి. ఈ రెండు మాటల మీద రెండు మూడు రాత్రులు కూర్చోండి, ముందు ముందు ఏ ఆట చేసినా కావాలి. పంపకం జరుగుతుండగా వేరే గుంట నొక్కితే పని చేయకుండా కూడా చూడండి, లేకపోతే రెండు పంపకాలు కలిసిపోయి 70 తప్పుతుంది.

ఇక ఫేజర్. 2013లో రిచర్డ్ డేవీ విడుదల చేశారు, మంచి ఫ్రేమ్‌వర్క్, నేనూ వాడతాను. బొమ్మలు పరిగెత్తే, గుద్దుకునే, గెంతే ఆటలకు అది చాలా శ్రమ తగ్గిస్తుంది. మీ ఆటలో గుద్దుకునేవి ఏమీ లేవు. నా మాట వింటే మీకు ఇప్పుడు కాన్వాస్ కూడా వద్దు. పద్నాలుగు బటన్లు, సీఎస్‌ఎస్ గ్రిడ్‌లో (పేజీని గళ్లుగా అమర్చే పద్ధతి) వరసకు ఏడు. కాన్వాస్‌లో ఎక్కడ నొక్కారో మీరే లెక్కగట్టాలి, బటన్‌కు అది తెలుసు. పై వరసను మాత్రం తిరగేసి పెట్టండి, ఎనిమిదోది ఏడో గుంట మీదికి రావాలి. 2014లో అందరూ ఆడిన, అంకెల గళ్లు కలిపే 2048 అనే ఆటను గాబ్రియేల్ సిరుల్లి 19 ఏళ్ల వయసులో ఒక వారాంతంలో చేశాడు. దాంట్లోనూ కాన్వాస్ లేదు, మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌తోనే ఆ గళ్లు కదులుతాయి.

ఇది పూర్తయ్యాక కాన్వాస్ నేర్చుకోవాలనిపిస్తే, మొజిల్లా వాళ్ల ఎండీఎన్ అనే వెబ్ పాఠాల సైట్‌లో ఇటుకలు పగలగొట్టే ఆట పాఠం ఉంది. బంతిని గీయడం దగ్గర నుంచి స్కోరు దాకా ఫ్రేమ్‌వర్క్ లేకుండా నేర్పిస్తుంది.

థర్డ్‌ఇయర్_సీఎస్‌ఈ:

అక్కా, లింక్ పంపడానికి గిట్‌హబ్ పేజెస్ వాడండి, మన ఫైళ్లను వెబ్‌సైట్‌గా పెట్టే చోటు, డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే ఆటలు పెట్టే సైట్ ఇచ్ డాట్ ఐఓలో జిప్ ఎక్కించొచ్చు, మొదటి ఫైల్ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ ఉండాలి. బొమ్మల ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి. విండోస్ పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడదు, గిట్‌హబ్ చూస్తుంది. నా మొదటి ఆట నా లాప్‌టాప్‌లో బాగా నడిచింది, ఫ్రెండ్స్‌కి పంపితే బొమ్మలు ఒక్కటీ రాలేదు. ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను, చూస్తే ఫైల్ పేరులో ఒక పెద్ద 'పీ'.

ఆ టక్ శబ్దం తప్పకుండా పెట్టండక్కా. మనిషి తెర తాకేదాకా బ్రౌజర్లు శబ్దం రానివ్వవు, అందుకని మొదటిసారి గుంట నొక్కినప్పుడే ఆడియో కాంటెక్స్ట్‌ను (బ్రౌజర్‌లో శబ్దం నడిపేది) రెజ్యూమ్ చేయండి. శబ్దం ఆ పీట మీదే రికార్డు చేయండి.

గుంటపీట:

ఇద్దరికీ చాలా థాంక్స్. పన్నెండు రోజులు పట్టింది.

మొదట మూడో గుంట నొక్కాను. ట్యాబ్ మీరు చెప్పినట్టే బిగుసుకుపోయింది. ఫంక్షన్ రాసి, రెండు చోట్లా మార్చి, మళ్లీ అదే గుంట నొక్కాను. పద్నాలుగో గుంట దాటి ఒకటిలోవి తీసింది, పంచింది. ఏడులోవి తీసింది. పద్నాలుగులోవి తీసింది. ఆరో గుంటలో ఆగింది. ఏడు ఖాళీ, ఎనిమిదిలో ఏడు పిక్కలు, అవి నాకు వచ్చాయి. నమ్మకం కుదరక పీట దించి, పిక్కలు పోసి అదే ఎత్తు వేశాను. పీట మీదా ఏడే. గుంటల్లో 63, నా దగ్గర 7, టాలీ అయింది.

అవెయిట్ అర్థం కావడానికే ఆరు రాత్రులు పట్టింది. ఇప్పుడు ఆ ఒక్క ఎత్తులో 27 పిక్కలు ఒక్కొక్కటిగా పడుతున్నాయి, ఎనిమిది సెకన్లు. శబ్దం పీట మీదే రికార్డు చేశాను, వెనక ఫ్యాన్ చప్పుడు కొంచెం వచ్చింది, అలాగే ఉంచాను.

నిన్న పిన్నికి లింక్ పంపాను. రెండు ఆటలు ఆడి ఫోన్ చేసింది. శబ్దం విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'ఐదు కాదే, మా చిన్నప్పుడు అమ్మ గుంటకు ఆరు వేసేది' అంది. ఆరు కూడా పెట్టి పంపాలి. కోడ్‌లో 5 అని ఎక్కడెక్కడ రాశానో వెతుకుతున్నాను.

కొత్తపేట_కోడర్:

ఫైల్ పైన ఒక్కచోట 'గుంటకు ఎన్ని' అని పేరు పెట్టి 6 రాయండి. మిగతా అన్ని చోట్లా ఆ పేరే వాడండి. 70 అని రాసిన చోట కూడా 14 ఇంటూ ఆ పేరు అని మార్చండి, 84 వస్తుంది. అది మర్చిపోతే ప్రతి ఎత్తుకూ ఎర్రర్ వస్తుంది. లింక్ ఇక్కడ కూడా పెట్టండి, మా అమ్మకు చూపిస్తాను.