కూలి తేడా మీద అర్జీలో సీడా (మహిళలపై వివక్షకు వ్యతిరేకంగా ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) గురించి రాయవచ్చా?

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లెటూరు. మా అమ్మ, పిన్ని పొగాకు గ్రేడింగ్‌కి వెళ్తారు, ఆకు రంగు చూసి వేరు చేయడం, కట్టలు కట్టడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. పక్కనే కూర్చుని అదే పని చేసే మగవాళ్లకి 700, వీళ్లకి 450. అడిగితే "ఆడకూలి ఇంతే" అన్నారు. నాకు చాలా బాధగా ఉంది.

మహిళలపై వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి 1979లో తెచ్చిన సీడా ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. అందులో 11వ అధికరణం సమాన విలువ ఉన్న పనికి సమాన వేతనం ఇవ్వాలంటుంది, 14వది పల్లె ఆడవాళ్ల గురించే. 1997లో, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన విశాఖ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ ఒప్పందాన్ని ఆధారంగా తీసుకుంది. కానీ దాని ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో (మామూలు మనుషులు ఫిర్యాదు పంపుకునే వీలిచ్చే అదనపు ఒప్పందం) మన దేశం చేరలేదు, కాబట్టి మనం నేరుగా ఐక్యరాజ్యసమితి సీడా కమిటీకి ఫిర్యాదు పంపలేం.

అందుకే కార్మిక శాఖకే అర్జీ పెడదామనుకుంటున్నాం. అందులో 2019 వేతన కోడ్ (కూలి, జీతాల గురించిన మన దేశ చట్టం) ఒక్కటే రాస్తే చాలా, సీడా కూడా రాస్తే బలం వస్తుందా? హాజరు పుస్తకం, రసీదులు ఏవీ లేవు, సాక్ష్యంగా ఏం చూపించాలి? అమ్మ పేరు బయటపడితే పని పోతుందని టెన్షన్, పదిమంది కలిసి సంతకాలు పెడితే మేలా? ఒంగోలు వైపు ఇలా అర్జీ పెట్టినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.