బర్డ్ ఫ్లూ వైరస్‌కు గాలిలో వ్యాపించే శక్తిని ప్రయోగశాలలో కల్పించడం సమర్థనీయమేనా?

జంతుశాస్త్ర అధ్యాపకుడు, తణుకు

2025 ఫిబ్రవరిలో మా తణుకు మండలం వేల్పూరులోనూ, పక్కనే ఉన్న పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్ల ఫారాల్లో చనిపోయిన కోళ్లకు బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 సోకిందని భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ మరుసటి నెలలోనే పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప అదే వైరస్ సోకి మరణించింది. అప్పటినుంచి మా డిగ్రీ విద్యార్థులు అడుగుతున్నది ఒక్కటే: మనిషి ప్రాణం తీయగల వైరస్ మనిషి నుంచి మనిషికి ఎందుకు పాకడం లేదు, రేపు పాకదని నమ్మకం ఏమిటి?

దీనికి జవాబు వెతుకుతూ 2011లో వెల్లడైన రెండు ప్రయోగాల మీదనే ఈ చర్చ. నీటికుక్కల కుటుంబానికి చెందిన ఫెర్రెట్ అనే చిన్న జంతువుకు ఫ్లూ సోకితే మనిషికి లాగే జ్వరం వస్తుంది, తుమ్ములూ వస్తాయి. 1933లో లండన్‌లో మనిషి ఫ్లూ వైరస్‌ను తొలిసారి వేరుచేయగలిగింది కూడా దీని సాయంతోనే. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో రాన్ ఫూషియే బృందం హెచ్5ఎన్1లో ముందుగా కొన్ని మార్పులు చేసి, దానిని ఒక ఫెర్రెట్ నుంచి మరొక ఫెర్రెట్‌కు వరుసగా పదిసార్లు ఎక్కించింది. చివరికి మిగిలిన వైరస్, పక్క బోనులో ఉండి తాకే వీలులేని ఫెర్రెట్లకు గాలి ద్వారానే సోకింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో యోషిహిరో కవావోకా బృందం 2009 నాటి స్వైన్ ఫ్లూ వైరస్‌కు, బర్డ్ ఫ్లూ వైరస్ పైపొరలో ఉండే హెచ్5 ప్రోటీన్‌ను మార్పులు చేసి చేర్చి, ఇంచుమించు ఇదే ఫలితాన్ని చూపింది. వివరాలను పూర్తిగా ప్రచురించవద్దని 2011 డిసెంబరులో అమెరికా జీవభద్రతా సలహా మండలి కోరింది, 2012 మార్చిలో తన వైఖరి మార్చుకుంది, ఆ ఏడాదే రెండు పత్రాలూ వెలువడ్డాయి.

ప్రకృతిలో వైరస్ ఇంకా వేయని అడుగును ప్రయోగశాలలో మనమే వేయించి చూడడం న్యాయమా? అవసరమేనన్న వైపే నేను మొగ్గుతున్నాను గానీ, కాదనేవారి వాదన పూర్తిగా వినదలచుకున్నాను.

ఊపిరితిత్తుల వైద్యుడు, కాకినాడ

మాస్టారూ, ఆ ప్రయోగాలు జరగవలసినవేనని నా నిశ్చితాభిప్రాయం. కారణం చెప్పాలంటే వైరస్ మన ఒంట్లో ఎక్కడ దిగుతుందన్న దగ్గరే మొదలుపెట్టాలి.

ఫ్లూ వైరస్ కణంలోకి దూరాలంటే ముందు ఆ కణం పైనున్న సయాలిక్ ఆమ్లాన్ని పట్టుకోవాలి. ఆ ఆమ్లం కణం మీది చక్కెర గొలుసుకు అతుక్కునే తీరు పక్షి పేగుల్లో ఒక విధంగానూ, మన ముక్కు, గొంతు, శ్వాసనాళాల పైభాగంలో మరొక విధంగానూ ఉంటుంది. పక్షుల్లో ఉండే రకం మనలో ప్రధానంగా ఊపిరితిత్తుల అడుగున, గాలి తిత్తుల దగ్గర కనిపిస్తుందని 2006లో రెండు బృందాలు చూపించాయి. హెచ్5ఎన్1 స్వభావమంతా దాదాపుగా ఇక్కడే అర్థమవుతుంది. అది లోతుకు చేరితే తీవ్రమైన న్యుమోనియా తెస్తుంది. కానీ ముక్కులోనూ గొంతులోనూ సరిగా పెరగదు కనుక, రోగి దగ్గినా తుమ్మినా ఇతరులకు సోకేంత వైరస్ బయటికి రాదు. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి 6 గురు మరణించారు. 2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు వచ్చిన 900 మందికి పైగా రోగుల్లో ఇంచుమించు సగం మంది చనిపోయారు. అయినా వ్యాధి ఎక్కడికక్కడ ఆగిపోతూ వచ్చింది.

అడ్డంకి ఇదొక్కటే కాదు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, మన ముక్కులోపల 33 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. పక్షి వేడికి అలవాటుపడిన వైరస్, తన జన్యువులను నకలు తీసుకునే ఎంజైమును మార్చుకుంటే తప్ప ఆ చల్లదనంలో బాగా పెరగలేదు. పైగా గాలిలో తేలుతూ మరొకరి ముక్కు దాకా చెడిపోకుండా చేరాలంటే, దాని పైపొర ప్రోటీన్ మరింత గట్టిపడాలి. ఈ అడ్డంకులన్నీ దాటడం హెచ్5 రకానికి సాధ్యమే కాదని వాదించిన శాస్త్రవేత్తలు 2011కు ముందు చాలామందే ఉండేవారు. నాలుగైదు మార్పులు చాలునని ఫెర్రెట్ ప్రయోగం చూపించాకే ఆ భరోసా సడలింది. గాలి ద్వారా సోకిన ఆ ఫెర్రెట్లు చనిపోలేదన్న సంగతిని మాత్రం పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. వ్యాపించే గుణమూ చంపే గుణమూ ఎప్పుడూ జంటగానే పెరుగుతాయని అనుకోవడానికి లేదని మాకు నేర్పింది అదే.

కోళ్ల రైతు, పెరవలి మండలం

డాక్టరు గారు చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. నేను శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను, లేయర్ కోళ్ల ఫారం నడుపుతాను. ఈ పరిశోధన మా దాకా ఏ రూపంలో వస్తుందన్నదే నా ప్రశ్న.

షెడ్డులో కోళ్లు ఒక్కసారిగా రాలిపోవడం మొదలైతే ఇక్కడ మొట్టమొదట కొక్కెర తెగులని అనుకుంటాము. శాంపిల్ భోపాల్ వెళ్లి ఫలితం వచ్చేలోపు గుడ్ల ట్రేలు ఒక ఫారం నుంచి ఇంకొక ఫారానికి తిరుగుతూనే ఉంటాయి, మేత లారీలు వస్తూనే ఉంటాయి, కోళ్ల పెంట చేపల చెరువులకు వెళుతూనే ఉంటుంది. కోతలయ్యాక బాతుల మందలు చేలవెంట ఊరూరా తిరుగుతాయి. కొల్లేరుకు వలస పక్షులు వచ్చే కాలమూ, ఎక్కడెక్కడి పుంజులనో సంక్రాంతి బరుల దగ్గర చేర్చే కాలమూ ఒకటే. నిర్ధారణ అయ్యాక కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం మేమందరం చూశాము.

ప్రమాదకరమైన మార్పులు ఇవీ అని రాటర్‌డామ్‌లో తేల్చినందువల్ల ఉపయోగం ఉండాలంటే, మా షెడ్డులో చనిపోయిన కోడిలోని వైరస్‌కు ఆ మార్పులు వచ్చాయో లేదో ఎవరో ఒకరు వారం తిరగకుండా చదివి చెప్పాలి. అలా చదివే ఏర్పాటు జిల్లాకు దగ్గరలో లేనప్పుడు ఆ జాబితా ఎవరికి? పరిశోధన వద్దని నేను అనడం లేదు. ఖర్చు పెట్టే వరుసలో షెడ్డు ముందు రావాలని అంటున్నాను.

వైరాలజీ పరిశోధక విద్యార్థిని, స్వస్థలం అమలాపురం

రైతు గారి మాటకు నా పూర్తి మద్దతు. అయితే నా అభ్యంతరం ఖర్చుతో ఆగదు. ఆ ప్రయోగాలు జరగకూడదనే నా వాదన.

ప్రయోగశాలల నుంచి శ్వాసకోశ వైరస్‌లు బయటపడ్డ చరిత్ర మన కళ్లముందే ఉంది. 2003లో సార్స్ వ్యాధిని అదుపులోకి తెచ్చిన తరువాత సింగపూర్, తైవాన్, బీజింగ్ ప్రయోగశాలల్లో పనిచేసేవారికి అది మళ్లీ సోకింది. 2004లో బీజింగ్‌లో అయితే అది ప్రయోగశాల దాటి ఇతరులకు పాకి, వ్యాధి సోకిన పరిశోధకురాలి తల్లి మరణించింది. 1977లో తిరిగివచ్చిన హెచ్1ఎన్1 జన్యువులు 1950 ప్రాంతపు వైరస్ జన్యువులకు అత్యంత దగ్గరగా ఉన్నాయి. ఇరవై ఏడేళ్లపాటు మార్పు లేకుండా ప్రకృతిలో తిరిగే ఫ్లూ వైరస్ ఉండదు కనుక, అది ఏదో ప్రయోగశాల నుంచో టీకా ప్రయోగం నుంచో వచ్చి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. సార్స్ ఆగింది గానీ, 1977 నాటి వైరస్ ప్రపంచమంతా చుట్టింది. గాలిలో పాకేలా తయారుచేసిన హెచ్5 తప్పించుకుంటే ఈ రెండింటిలో దేని దారి పడుతుందో ఊహించడం కష్టం కాదు.

ప్రత్యామ్నాయం లేకపోతే ఈ ప్రమాదాన్ని భరించమని అడగవచ్చు, కానీ ఇప్పుడు ప్రత్యామ్నాయం ఉంది. 2024 డిసెంబరులో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ బృందం, ఆవుల్లో తిరుగుతున్న హెచ్5ఎన్1 రకానికి చెందిన పైపొర ప్రోటీన్‌ను మాత్రమే తీసుకుని, ఒకే ఒక్క మార్పుతో అది మనిషి కణాల రకాన్ని పట్టుకోగలదని చూపింది. ఆ పనిలో బతికిన వైరస్ లేనే లేదు. అదే ఏడాది సియాటిల్‌లోని మరొక బృందం, కణంలోకి ఒక్కసారి దూరడం తప్ప మళ్లీ పెరగలేని నకిలీ వైరస్‌ల మీద హెచ్5 ప్రోటీన్‌లో వీలైన మార్పులు దాదాపు అన్నిటినీ పరీక్షించింది. ఇటువంటి దారులు తెరుచుకున్నాక పూర్తి వైరస్‌కు కొత్త శక్తి చేర్చడాన్ని ఎలా సమర్థిస్తాము? అమెరికా ప్రభుత్వం 2014 అక్టోబరులో ఈ తరహా పరిశోధనకు నిధులు ఆపి, 2017 డిసెంబరులో కొత్త నిబంధనలతో మళ్లీ అనుమతించి, 2025 మేలో మరోసారి ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. అంత పెద్ద దేశమే ఇన్నిసార్లు వెనక్కీ ముందుకీ అయిందంటే, పాత ప్రయోగాలు ఇచ్చిన ఫలితం ఈ ప్రమాదానికి సరితూగిందని అందరినీ ఒప్పించలేకపోయారనే అర్థం.

ఊపిరితిత్తుల వైద్యుడు, కాకినాడ

అమ్మా, మీరు చూపిన ప్రత్యామ్నాయాలను నేను తక్కువ చేయను. కానీ ప్రోటీన్ పరీక్ష చెప్పేది అతుక్కోవడం గురించే, వ్యాపించడం గురించి కాదు. ఎంజైము, పైపొర గట్టిదనం, ముక్కులో పెరిగే వేగం, తుమ్ములో బయటపడే మోతాదు ఇవన్నీ కలిసి ఏమి చేస్తాయన్నది బతికిన జంతువులోనే తేలుతుంది. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బయటపడినప్పుడు ఆవు పొదుగులో పక్షి రకం సయాలిక్ ఆమ్లం సమృద్ధిగా ఉంటుందని, పాలు పితికే యంత్రాల ద్వారా వైరస్ మందంతటికీ పాకగలదని ముందుగా పసిగట్టినవారు లేరు.

ఆ ఆవుల నుంచి వైరస్ సోకిన టెక్సాస్ కార్మికునికి కళ్లు ఎర్రబడడం తప్ప పెద్ద జబ్బు చేయలేదు. కానీ అతని నుంచి తీసిన వైరస్‌ను ఏ మార్పూ చేయకుండా ఫెర్రెట్లకు ఎక్కిస్తే అవి చనిపోయాయి; తక్కువ శాతంలోనే అయినా, తాకకుండా పక్క బోనులోని వాటికి కూడా సోకింది. ఇది బతికిన వైరస్‌తో చేసిన ప్రయోగమే. దీనిని కూడా ఆపేయమంటారా?

వైరాలజీ పరిశోధక విద్యార్థిని

లేదు డాక్టరు గారూ. రోగి నుంచి తీసిన వైరస్‌ను ఉన్నది ఉన్నట్టుగా, అత్యున్నత భద్రత గల చోట పరీక్షించడాన్ని నేను సమర్థిస్తాను. అప్పటికే బయట ఉన్న ప్రమాదాన్ని కొలవడమే అది. కవావోకా బృందం 2024లో ఆ వైరస్‌తో చేసిన పనికీ, 2011లో చేసిన పనికీ మధ్య నేను గీత గీస్తున్నాను.

కాకపోతే గీత దగ్గర ఒక చిక్కు ఉంది. ప్రకృతిలోని వైరస్‌నైనా జంతువు నుంచి జంతువుకు పదేపదే ఎక్కిస్తూ పోతే అది తానే మారుతుంది. రాటర్‌డామ్‌లో చివరి మార్పులు అలా వచ్చినవే. అందువల్ల మనిషి చేతితో మార్చారా లేదా అన్నది కాక, ఆ పని చివర వచ్చే వైరస్ మునుపటికంటే సులువుగా పాకే అవకాశం ఉందా అన్నదే నియమం కావాలి. అలా పాకగలదని మొదటి సూచన కనబడ్డ చోటే పని ఆపి, ఆ సంస్థతో సంబంధం లేని నిపుణులకు చూపించాలి.

ఊపిరితిత్తుల వైద్యుడు, కాకినాడ

ఆ నియమానికి నేను సంతకం పెడతాను. ఆపిన తరువాత ఎప్పటికీ మళ్లీ మొదలుపెట్టరాదంటే మాత్రం ఒప్పుకోను.

కోళ్ల రైతు, పెరవలి మండలం

మీ ఇద్దరూ ఒకచోటికి వచ్చారు, సంతోషం. నాకు ఇంకొక్కటి తెలియాలి. మా షెడ్డులో పెంట ఎత్తేవారు, గుడ్లు ఏరేవారు కోళ్ల జబ్బుకు భయపడరు. మామూలు జలుబు వచ్చినా పనికి వస్తారు. వారి విషయంలో ఏమి చేయాలి?

ఊపిరితిత్తుల వైద్యుడు, కాకినాడ

జలుబుతో వచ్చినవారిని కోళ్ల దగ్గరకు పంపకండి. ఒకే మనిషి ఒంట్లో మామూలు ఫ్లూ, బర్డ్ ఫ్లూ ఒకేసారి పెరిగితే రెండు వైరస్‌లూ తమ జన్యు ఖండాలను కలగలుపుకుని, మనుషుల్లో సులువుగా పాకే కొత్త వైరస్ పుట్టవచ్చు. పనివారికి ఏటా ఫ్లూ టీకా వేయించమనడం అందుకే. ఆ టీకా బర్డ్ ఫ్లూను ఆపదు, రెండూ ఒకరిలో కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది. పెంట ఎత్తేటప్పుడు ముందుగా నీళ్లు చల్లి దుమ్ము లేవకుండా చూడండి, ముక్కుకు ఎన్95 మాస్కూ, కళ్లకు అద్దాలూ ఇవ్వండి. మన కంటిపొర మీద కూడా పక్షి రకం సయాలిక్ ఆమ్లం ఉంటుంది కనుక, కోళ్లు చనిపోతున్న షెడ్డులో పనిచేసినవారికి పది రోజుల లోపల కళ్లు ఎర్రబడినా అది కళ్లకలకే అనుకుని ఊరుకోవద్దు. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి పంపించి, కోళ్ల సంగతి అక్కడి డాక్టరుకు తప్పకుండా చెప్పించండి.