పీరియడ్ అయ్యాక డైరీలో ఏం రాస్తే పాఠం మారుతుంది?

ఎస్‌జీటీగా (ప్రాథమిక తరగతుల టీచర్‌గా) మొదటి ఏడాది. 3, 4 తరగతులకు ఒకే గది, గణితానికి 45 నిమిషాలు. పాఠ్య ప్రణాళిక చివర ‘స్వీయ సమీక్ష’ గడిలో ‘పిల్లలు చురుగ్గా పాల్గొన్నారు’ లాంటివే రాస్తున్నాను. హెచ్‌ఎం సంతకానికి సరిపోతాయి, మర్నాటికి పనికిరావు.

ఫోన్‌లో పాఠం రికార్డు చేసి విన్నాక, ప్రశ్న అడిగి మూడు సెకన్లు ఆగడం మొదలుపెట్టాను. చేతులు ఎక్కువే లేస్తున్నాయి. కానీ 52 − 27 ఇస్తే సగం మంది 35 అంటున్నారు: ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేస్తున్నారు. పది పుల్లల కట్ట ఒకటి విప్పించి చేయిస్తే 25 వస్తుంది, పలక మీద మళ్లీ 35. చివరి ఐదు నిమిషాల్లో చీటీలపై ఒక లెక్క చేయిస్తున్నా. పిల్లల తప్పు దొరుకుతోంది, నేను చెప్పే తీరులో లోపం దొరకట్లేదు.

ఆ చీటీలు చూశాక, మర్నాటి పాఠం మారాలంటే డైరీలో రోజూ ఏ ఒక్క విషయం రాసుకోవాలి?