నలభై ఏళ్ల నాటి హత్య కేసు ఫైలు నా హీరోయిన్‌కి ఎలా దొరుకుతుంది?

లాయర్లు, రిటైరైన పోలీసులు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. రొమాంటిక్ సస్పెన్స్ నవల రాస్తున్నాను. తెనాలి దగ్గర ఒక చిన్న ఊరు, 1982లో పెద్దింటాయన హత్య. ఊరి అధికారులైన మునసబు, కరణాల వ్యవస్థను 1984లో కదా రద్దు చేశారు, అందుకే పోలీసులకు మొదటి రిపోర్టు మునసబే పంపినట్టు రాశాను. ముద్దాయి ఆ ఇంటి పాలేరు. సాక్షులు అడ్డం తిరిగారు, సెషన్స్ కోర్టు కేసు కొట్టేసింది. ఇప్పుడు హతుడి మనవరాలు, పాలేరు మనవడు ప్రేమలో పడ్డారు. ప్రేమ సంగతి నేను చూసుకుంటాను, చిక్కంతా ఫైలు దగ్గరే.

హత్యకు కాలపరిమితి లేదని, నిర్దోషిగా విడుదలైనవాణ్ణి అదే నేరానికి మళ్లీ విచారించకూడదని తెలుసు. మరి అసలు హంతకుడు సొంత బాబాయే అని బయటపడితే ఆ అమ్మాయి ముందు ఎక్కడికి వెళ్లాలి, స్టేషన్‌కా, కోర్టుకా? తీర్పు నకలు కోసం కాపీ అప్లికేషన్ వేస్తే, ఇన్నేళ్ల తర్వాత రికార్డు రూములో ఏం మిగిలి ఉంటుంది? నేరం 1982ది కాబట్టి కొత్త చట్టమైన భారతీయ న్యాయ సంహిత కాకుండా పాత ఐపీసీలోని హత్య సెక్షన్ 302 అనే రాస్తున్నాను, సరేనా? సినిమాల్లోలా కానిస్టేబుల్ దుమ్ము దులిపి కట్ట చేతిలో పెట్టేయడం మాత్రం నాకు ఇష్టం లేదు.