స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పని గంటలు తగ్గించారు, గ్రీవెన్స్ (యూనియన్ ఒప్పందం ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు) ఎలా వేయాలి?

ప్రశ్న: అమెరికాలో పబ్లిక్ స్కూల్‌లో పారాఎడ్యుకేటర్‌ని (క్లాసులో టీచర్‌కి సహాయం చేసే ఉద్యోగం). ప్రొబేషన్ అయిపోయింది, యూనియన్ ఉంది. గంటలు తగ్గించారు. ప్రిన్సిపాల్‌ని అడిగితే "చూద్దాం" అంటున్నారు. ఎన్‌ఎల్‌ఆర్‌బీకి (జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకి) వెళ్లొచ్చా?

జవాబు 1: వెళ్లినా తీసుకోరండి. ఆ బోర్డు అమలు చేసే 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ప్రభుత్వ స్కూళ్లకు వర్తించదు. మీకు మీ రాష్ట్ర చట్టం, మీ యూనియన్ ఒప్పందమే ఆధారం. ముందు ఒప్పందంలో గ్రీవెన్స్ ఆర్టికల్ తీసి గడువు చూడండి. "రోజులు" అంటే పనిదినాలా, క్యాలెండర్ రోజులా అన్నది నిర్వచనాల్లో ఉంటుంది. చాలా కేసులు పోయేది ఇక్కడే. ప్రిన్సిపాల్ "చూద్దాం" అన్నంత మాత్రాన గడువు ఆగదు. పొడిగింపు కావాలంటే రాతపూర్వకంగా తీసుకోండి.

జవాబు 2: ఫారంలో "అన్యాయం చేశారు" అని రాస్తే లాభం లేదు. ఏ ఆర్టికల్, ఏ సెక్షన్ ఉల్లంఘించారు, ఏ తేదీన, ఏం కావాలి అన్నవి రాయండి. ఉదాహరణకు: "పాత గంటలు తిరిగి ఇవ్వాలి, కోల్పోయిన జీతం చెల్లించాలి." పాత, కొత్త షెడ్యూళ్లు, పే స్లిప్పులు జతచేసి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి.

జవాబు 3: ఇదే గొడవ క్రమశిక్షణ చర్య దాకా వెళ్తే, విచారణ మీటింగ్‌లో యూనియన్ ప్రతినిధి కావాలని మీరే అడగాలి, వాళ్లంతట వాళ్లు పిలవరు. ఈ హక్కును గుర్తించిన 1975 నాటి అమెరికా సుప్రీంకోర్టు వైన్‌గార్టెన్ తీర్పు ప్రైవేటు రంగానిదే అయినా, చాలా రాష్ట్రాలు ఆ హక్కును ప్రభుత్వోద్యోగులకూ ఇచ్చాయి.