క్లాసులో రాసే పిల్లలు ఒకరికొకరు తోడుండాలంటే ఏం చేశారు మీరు?

తెలుగు_మేడమ్:
డిగ్రీ సెకండియర్‌కి తెలుగు చెప్తున్నానండి. నలభై మందిలో ఓ పదిమంది నోట్‌బుక్ వెనక పేజీల్లో కథలో కవితలో రాసుకుంటున్నారు, చదవమంటే మాత్రం ఒక్కరూ లేవరు. మొన్న ఒకమ్మాయి ధైర్యం చేసి కథ చదివితే వెనక బెంచీలోంచి ఎవరో "అక్కడ ఒత్తు తప్పు పలికావ్" అన్నారు, అంతే, మళ్లీ నోరు విప్పలేదు, నాకారోజు నిద్రపట్టలేదు. వాట్సాప్ గ్రూపు పెట్టాను, ఏది పెట్టినా చప్పట్ల బొమ్మలే. ఇలాంటిది నిలబెట్టినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

కరీంనగర్_పోరడు:
మేడం, మా డిగ్రీల గూడ గిట్లనే ఉండె. మా సార్ ఏంజేసిండంటే ఆయన రాసిన కథే తెచ్చి సగం చదివి, "ఈడ ఆగిపోయిన, ముందటికి తోస్తలేదు, మీరే చెప్పుండ్రి" అన్నడు. సార్‌కి గూడ ఆగిపోతదని తెల్సినంక మా భయం పోయింది. యాసల రాస్తె దిద్దకపోతుండె. మా నాయనమ్మ తంగేడు పువ్వుకు పోయిన ముచ్చట ఆమె చెప్పినట్టే రాసి చదివిన, అయిపోయినంక కొద్దిసేపు ఎవ్వలు మాట్లాడలే. అది ఇప్పటికీ యాదికుంది.

బీఎస్సీ_ఫైనల్:
మేం ఐదుగురం మేడమ్, శనివారం మధ్యాహ్నం ల్యాబ్ మెట్ల మీద కూర్చుంటాం. రాసినవాళ్లు రెండుసార్లు చదవాలి, మొదటిసారి ఊరికే వింటాం, రెండోసారికి పెన్ను తీస్తాం. తర్వాత ఏ లైను గుర్తుండిపోయింది, ఎక్కడ అర్థంకాలేదు, ఈ రెండే చెప్పాలి, బాగుంది బాలేదు అనకూడదు, రాసినవాళ్లు మధ్యలో "అది కాదు నా ఉద్దేశం" అని అడ్డుపడకూడదు (ఇదే అన్నిటికంటే కష్టం). ఒత్తులూ పొల్లులూ ఆఖర్న, అదీ అడిగితేనే. ఎక్కువమందైతే వంతు రావడానికే నెల పడుతుంది, పదిమందిని రెండు జట్లు చేయండి.

తెలుగు_మేడమ్:
అసలు మాట్లాడనివాళ్లని ఏం చేశారమ్మా?

బీఎస్సీ_ఫైనల్:
చీటీ రాసిమ్మన్నాం. ఒకబ్బాయి నాలుగు వారాలు చీటీలే ఇచ్చాడు, ఐదో వారం తనే కవిత తెచ్చాడు. నువ్వెప్పుడు చదువుతావని ఎవరం అడగలేదు, అదే మేలైందనుకుంటా.

రిటైర్డ్_మాస్టారు:
అమ్మా, ఇది మనకి పాత అలవాటే. విశాఖలో కవితా సమితి ఉండేది, శ్రీశ్రీ తొలి పుస్తకం ప్రభవ 1928లో ఆ సమితి తరఫునే వచ్చింది, 1910లో పుట్టినాయనకి అప్పుడు ఇంచుమించు మీ పిల్లల వయసే. నా సర్వీసులో నేను నడిపింది గోడపత్రిక. చార్టు మీద చేతిరాత, నెలకొకటి, సైకిల్ స్టాండ్ పక్కన, పేరు వేసుకోవడం వాళ్లిష్టం. బాగా సాగుతుండగా ఒక తప్పు చేశాను, బహుమతులు పెట్టాను. ఫస్టూ సెకండూ అనేసరికి ఒకరి రాత ఒకరికి చూపించుకోవడం మానేశారు, మళ్లీ కలవడానికి ఏడాది పట్టింది. మీరు బహుమతులూ మార్కులూ వాటి జోలికి తీసుకురావద్దు తల్లీ.

తెలుగు_మేడమ్:
నమస్కారం మాస్టారూ, ఇంటర్నల్ మార్కులు కలుపుదామనుకున్నాను, మానేస్తున్నా. సోమవారం నా సగం కథ నేనే చదువుతాను. దానికంటే ముందు ఆ అమ్మాయిని స్టాఫ్‌రూం బయట కలిసి, తన కథలో బావి గిలక చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉందని చెప్పాలి. ఆరోజే చెప్పాల్సింది.